ఎండిపోయిన ట్యాంకు

"మూడింటికి నిన్ను కోర్టుకి తీసుకెళ్తారు. ఇప్పుడు పన్నెండు కావస్తోంది. నాతో చెప్పాల్సిందేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు తల్లీ," అంది ఇన్‌స్పెక్టర్.

ఆసుపత్రి ఆఫీసు గదిలో బల్లకు అవతల కూర్చున్న ల్యాబ్ అమ్మాయి తల ఎత్తలేదు. నిన్న పొద్దుటి నుంచీ ఇదే వరస. ఏడవదు, అరవదు, లాయరు కావాలని అడగదు. స్టేషన్‌లో రాత్రి టీ ఇస్తే తాగింది, గ్లాసు కడిగి బోర్లించింది, మళ్ళీ వచ్చి బెంచీ మీద కూర్చుంది. ఇన్నేళ్ళ సర్వీసులో రకరకాల దొంగల్ని చూసిన ఇన్‌స్పెక్టర్‌కు కస్టడీలో గ్లాసు కడిగిన మనిషి తగలడం ఇదే మొదటిసారి.

కేసు మాత్రం చిన్నదేమీ కాదు. వంశపారంపర్యంగా రక్తం జబ్బు ఉన్న దంపతులు ఈ ఆసుపత్రికి వస్తారు. పెద్ద డాక్టరు వాళ్ళ పిండాల్లో ఆ జబ్బు తెచ్చే జన్యువును సరిచేస్తాడు. ఆ పిండాలను సన్నటి స్ట్రాలలో పెట్టి, లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో గడ్డకట్టించి దాస్తారు. తల్లి ఒళ్ళు కుదుటపడ్డాక కడుపులో పెడతారు. నిన్న పొద్దున మూత తీసి చూస్తే ట్యాంకులో చుక్క నైట్రోజన్ లేదు. లోపల దాచినవన్నీ వెచ్చబడి పాడైపోయాయి. మళ్ళీ పిండం తయారయ్యే వయసు దాటిపోయిన తల్లులు గేటు దగ్గర గోడకు ఆనుకుని కూలబడ్డారు. ట్యాంకు నింపే బాధ్యత ఈ అమ్మాయిది. ముందురోజే ఆమెను పనిలోంచి తీసేశాననీ, ఆ కక్షతోనే ఇంత పని చేసిందనీ పెద్ద డాక్టరు వాంగ్మూలం.

"కక్ష కట్టే మొహం కాదు నీది. మరి నోరెందుకు కట్టేసుకున్నావు?"

అమ్మాయి మొదటిసారి కళ్ళెత్తింది. అయితే చూసింది ఇన్‌స్పెక్టర్ వైపు కాదు. అద్దాల తలుపు అవతల ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి వైపు చూసి, చటుక్కున తల దించేసుకుంది. ఇన్‌స్పెక్టర్ ఆ చూపును జాగ్రత్తగా దాచిపెట్టుకుంది.

తలుపు తోసుకుని కోటు సారు లోపలికొచ్చాడు. మండుటెండల్లో కూడా కోటు విప్పడు కాబట్టి డిపార్ట్‌మెంట్ అంతా అతన్ని ఆ పేరుతోనే పిలుస్తుంది. ట్రైనింగులో ఇద్దరూ ఒకే బ్యాచ్. అప్పట్లో ఈమె క్యారియర్‌లోంచి సగం లాక్కుని తింటూ "అక్కా, అక్కా" అని వెంట తిరిగినవాడే. ప్రమోషన్ వచ్చి స్పెషల్ టీముకు పెద్దయ్యాక అక్క కాస్తా ఇన్‌స్పెక్టర్ గారు అయిపోయింది. ఈమెకు మాత్రం కిందివాళ్ళు బంక మేడమ్ అని పేరు పెట్టారు. ఒకసారి అంటుకుంటే ఊడదని. ఆ పేరు విని ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు.

"ఇంకా బతిమాలుతున్నారా ఇన్‌స్పెక్టర్ గారూ? నాలుగింటికి ప్రెస్‌మీట్ పెట్టేశాను. మీరు అనవసరంగా గొంతు నొప్పి తెచ్చుకుంటున్నారు."

"ప్రెస్‌మీట్ పెట్టాక కేసు తేల్చడం కొత్త పద్ధతా సార్? మాకు ట్రైనింగులో చెప్పలేదు."

అతను పళ్ళు నూరాడు గానీ పైకి నవ్వాడు. "తేలడానికేముంది? అలారం మోగలేదు. ఎందుకు మోగలేదు? సెన్సర్ తీగను ట్యాంకులోంచి లాగి, నైట్రోజన్ పోసిన చిన్న ఫ్లాస్కులో పెట్టారు. తీగ చల్లగానే ఉంది కాబట్టి అలారం హాయిగా నిద్రపోయింది. ఇక్కడ ట్యాంకు ఎండిపోయింది. ఆ కిటుకు లోపల పనిచేసేవాళ్ళకే తెలుస్తుంది."

"పెద్ద డాక్టరు లోపలి మనిషి కాదా?"

"ఆయన ట్యాంకు గదిలో అడుగుపెట్టి ఏడాది దాటింది. రాసి సంతకం పెట్టాడు." కోటు సారు గొంతు కాస్త మెత్తబడింది. "ఆయన్ని అనుమానించకండి. మా మొదటివాడు ఆ రక్తం జబ్బుతోనే పోయాడు. మూడేళ్ళు కూడా నిండలేదు. ఇవాళ మా ఇంట్లో నవ్వులున్నాయంటే ఈ డాక్టరు చలవే. మా పాపని చూశారా, సిపాయి అంటాం. ఐదేళ్ళది. ఇంతవరకూ ఒక్క సూదికి ఏడవలేదు. నిన్న బళ్ళో జారుడుబల్ల మీంచి పడితే టీచరు హడలిపోయిందట. ఇది మాత్రం నవ్వుకుంటూ లేచింది. పోలీసు బిడ్డ మరి."

అతను ఫోన్ తీసి పొద్దుటి ఫోటో చూపించాడు. పొడుగు చేతుల స్వెట్టరు వేసుకున్న పాప నేలమీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో ఏనుగును గీస్తోంది.

"ఇవాళ ఎడంచేత్తో బొమ్మలట. రోజుకో కొత్త విద్య."

పాప ముద్దుగా ఉంది. ఆ మాటే అంది ఇన్‌స్పెక్టర్. ఓరకంట చూస్తే ల్యాబ్ అమ్మాయి రెండు చేతులూ బల్ల కింద బిగించి పట్టుకుని ఉంది.

"ఒక్కసారి ట్యాంకు గది చూసొద్దాం సార్. తర్వాత మీ ఇష్టం."

"నిన్నంతా అక్కడే కదా ఉన్నారు?"

"నిన్న మనుషుల్ని చూశాను. ఇవాళ వస్తువుల్ని చూస్తాను."

నిజానికి నిన్నంతా ఆమె ల్యాబ్ వాళ్ళ మధ్య స్టూలేసుకుని కూర్చుని, చిన్నపిల్ల అడిగేటట్టు ప్రశ్నలడిగి ప్రాణం తీసింది. అక్కడి పద్ధతులు గుళ్ళో మడి కంటే కఠినం. సెంటు, పౌడరు, తల నూనె ఏదీ పూసుకుని లోపలికి రాకూడదు, ఆ ఆవిరి పిండాలకు పడదు. ఒక్కో కుటుంబానికి ఒక్కో రంగు స్ట్రా. ఇక పిండాన్ని ఎప్పుడు ముట్టుకున్నా ఒకరు తల్లిదండ్రుల పేర్లు పైకి చదవాలి, పక్కనున్నవాళ్ళు తిరిగి చెప్పాలి. కంప్యూటర్ ఎంత ఖరీదైనదైనా ఈ రెండో గొంతు వినబడందే పని జరగదు.

ట్యాంకు గది సీలు విప్పించారు. ఎండిపోయిన ట్యాంకు మూలన ఉంది. బయట చెమ్మ లేదు, పగులు లేదు, మూత రబ్బరు గట్టిగానే ఉంది. తనంతట తాను చెడిన ట్యాంకు కాదది, నైట్రోజన్ తోడేసి చేతులారా ఎండబెట్టింది. ఇన్‌స్పెక్టర్ గోడకు తగిలించిన గ్లౌజుల దగ్గర ఆగింది. చలికి చెయ్యి కాలకుండా మోచేతిదాకా తొడుక్కునే దళసరి గ్లౌజులు. ల్యాబ్ వాళ్ళవి రెండు జతలు, ఎవరిది వాళ్ళకే. చివర ఒక స్పేరు జత.

"వేలిముద్రలు తీశారా?"

"ఎందుకు తీయలేదు? ఫ్లాస్కు మీదా లేవు, గ్లౌజుల మీదా లేవు. గ్లౌజు తొడుక్కున్నవాడి వేలిముద్ర ఫ్లాస్కు మీద ఎలా ఉంటుంది?"

"మీద వెతికారు. లోపల?"

ఆమె ఒక్కో గ్లౌజునూ వేలి కొసలతో తెరిచి మొహం దగ్గర పెట్టుకుంది. మొదటి జతలో చెమట, రబ్బరు. రెండో జతలోనూ అంతే. స్పేరు జత కుడి గ్లౌజు తెరవగానే ఆమె ముక్కుపుటాలు అదిరాయి. లోపల ఎవరో పెళ్ళికి వెళ్ళొచ్చినంత సెంటు వాసన.

"మీ వాళ్ళెవరైనా ఇది తొడుక్కున్నారా?"

"ఎవరూ ముట్టుకోలేదు. నా ఎదురుగానే సీలు వేశారు. ఏం?"

"ఏంలేదు. జాగ్రత్తగా కవర్లో పెట్టించండి. కోర్టుకి పనికొస్తుంది."

అతను ముఖం చిట్లించాడు గానీ పెట్టించాడు. ఇన్‌స్పెక్టర్ ట్యాంకు మూత తీసి, లోపలి కడ్డీలను ఒక్కొక్కటే పైకి లాగింది. కడ్డీకి వరసగా స్ట్రాలు. ఇంకోటి లాగింది. మరోటి. అన్నిటికీ ఉన్న స్ట్రాలు ఆకుపచ్చవి.

"లెక్క చూశారా సార్?"

"ఒక్కటీ తగ్గలేదు. నేనే దగ్గరుండి లెక్కపెట్టించాను."

"లెక్కపెట్టారు గానీ రంగు చూడలేదు." ఆమె ఒక స్ట్రాను వెలుతురుకు పట్టింది. ఇన్ని కుటుంబాలకు ఇన్ని రంగులుండాలి. ఇక్కడ ఒకటే రంగు. ఎదుటి షెల్ఫులో, కొత్తగా చేరినవాళ్ళు పని నేర్చుకోవడానికి వాడే ప్రాక్టీసు స్ట్రాల డబ్బా ఉంది. అవీ ఆకుపచ్చే. నిన్న ఒక కుర్రది "ఆకుపచ్చవి ఎంత పాడుచేసినా ఎవరూ తిట్టరు మేడమ్" అని నవ్వింది కూడా. డబ్బా ఊపి చూస్తే అడుగున నాలుగు మిగిలాయి.

ఇన్‌స్పెక్టర్ పెదవుల మీద నవ్వు మెరిసింది. ట్యాంకును చంపినవాడు ఖాళీ స్ట్రాలను చంపాడు. వాడికి ఆ సంగతి తెలియదు. రోజూ కడ్డీ ఎత్తే చెయ్యి అయితే రంగు చూడగానే పసిగట్టేది. ఏళ్ళ తరబడి కడ్డీ ముట్టుకోని పెద్దమనిషి ఆకుపచ్చని చూసి అంతా సరిగానే ఉందనుకుని తప్పులో కాలేశాడు.

"ఏంటి, మీలో మీరే నవ్వుకుంటున్నారు?" అన్నాడు కోటు సారు అనుమానంగా.

"ముసలితనం సార్. పది నిమిషాలివ్వండి."

ఆమె తిరిగొచ్చి, తలుపు గడియ వేసి, ఆకుపచ్చ స్ట్రాను అమ్మాయి ముందు పెట్టింది.

"నువ్వు చంపలేదు. దాచావు."

అమ్మాయి ఆ స్ట్రాను చేతిలోకి తీసుకుంది. తర్వాత, నిన్నటి నుంచీ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా తెగి వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుని భుజం మీద చెయ్యేసింది.

"అన్నీ బతికే ఉన్నాయా?"

"అన్నీ ఉన్నాయి మేడమ్. మా మేనమామ పశువుల డాక్టరు. అక్కడ ఎద్దుల వీర్యం దాచే నైట్రోజన్ క్యాన్లుంటాయి. రెండు ఖాళీగా ఉంటే అడిగాను. మామయ్యే నైట్రోజన్ పోసి చూసుకుంటున్నాడు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాపుకోలేకపోయింది. గేటు బయట ఏడుస్తున్నవాళ్ళ పిల్లలంతా ఎద్దుల పక్కన భద్రంగా పడుకున్నారు. "ఎందుకు దాచావు?"

"పిండాలు పరీక్ష చేస్తుంటే కనపడింది. జబ్బు జన్యువు ఒక్కటే మార్చాలి కదా. రెండోచోట కూడా కోసి మార్చారు. ప్రతిదాంట్లోనూ. ఏంటని అడిగితే, అది వరం, నీకు అర్థం కాదన్నారు. అమ్మానాన్నలకి తెలుసా అన్నాను. ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. వెళ్తుంటే, ఆ రాత్రికే ట్యాంకు ఖాళీ చేసేస్తానని ఎవరితోనో ఫోన్‌లో అంటుండగా విన్నాను. పిండాలే లేకపోతే సాక్ష్యం ఎక్కడిది? అందుకని ఆ పూటే మార్చేశాను."

"మరి పోలీసులకి చెప్పొచ్చు కదమ్మా?"

"ముందుగా వచ్చింది ఆ కోటు సారు. వస్తూనే డాక్టరు గారి చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. చెప్తే పిండాలు మళ్ళీ ఆయన చేతికే వెళ్తాయనిపించింది." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకోటి కూడా ఉంది. ఆ సారు వాళ్ళ పాప కూడా ఈ ట్యాంకులోంచి పుట్టిందే. ఆ రెండో మార్పు ఏం చేస్తుందో నాకు తెలీదు. తెలియకుండా, ఒక తండ్రితో ఏమని చెప్పను మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. ఆమెకు చాలా ఏళ్ళ తర్వాత నిజంగా కోపమొచ్చింది.

"కళ్ళు తుడుచుకో. నాతో రా. నువ్వు ఎదురుగా ఉండాలి."

పెద్ద డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే ఆ సెంటు వాసన ఎదురొచ్చింది. గంటకో విదేశీ అతిథిని కలిసే మనిషి, దానికి తగ్గట్టు పూసుకున్నాడు. కోటు సారు అప్పటికే కుర్చీలో కూర్చుని ఆయనకు ధైర్యం చెబుతున్నాడు. అమ్మాయిని చూసి ఇద్దరూ ముఖం మాడ్చుకున్నారు.

"డాక్టరు గారూ, మీరు ట్యాంకు గదిలోకి వెళ్ళి ఏడాదయింది, అంతేనా?"

"రాసిచ్చాను కదమ్మా."

"గ్లౌజులు తొడుక్కుని ఎన్నాళ్ళయింది?"

"నేనెందుకు తొడుక్కుంటాను? అవి కిందివాళ్ళ పనులు."

ఆమె కవర్లో ఉన్న గ్లౌజును బల్ల మీద పెట్టి కొద్దిగా తెరిచింది. "కోటు సారూ, ఒకసారి వాసన చూసి, తర్వాత డాక్టరు గారి పక్కన గాలి పీల్చండి."

కోటు సారు విసుగ్గానే వంగాడు. లేచేటప్పటికి మొహంలో విసుగు లేదు.

"వాసన సాక్ష్యమా?" అన్నాడు డాక్టరు నవ్వుతూ. "సెంటు బజార్లో ఎవరైనా కొనుక్కోవచ్చు."

"వాసన మాట వదిలేయండి. లోపల చెమట ఉంది, రాలిన చర్మం ఉంది. మీ భాషలో చెప్పాలంటే జన్యువులున్నాయి. ఎవరివో మూడ్రోజుల్లో తేలుతుంది. అందరి జన్యువులూ చదివిన పెద్దమనిషి, సొంతవి గ్లౌజులో వదిలేసి పోయారు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇంకో మాట. మీరు ఎండబెట్టిన ట్యాంకులో ఉన్నవి ప్రాక్టీసు స్ట్రాలు. అసలువి ఎద్దుల పక్కన చల్లగా ఉన్నాయి. వాటిలో మీరు రెండోచోట పెట్టిన కోత కూడా ఉంది."

డాక్టరు తెల్లమొహం వేశాడు. కోటు సారు మెల్లగా లేచి నిలబడ్డాడు.

"రెండో కోత ఏంటి డాక్టర్?"

ఇంకొకడైతే లాయరును పిలిచేవాడు. కానీ ఆయనకు తన పని మీద ఉన్న గర్వం తన మెడ మీద ఉన్న ప్రేమ కంటే పెద్దది.

"మీరైనా అర్థం చేసుకోండి. మీ పాప ఎప్పుడైనా నొప్పితో ఏడ్చిందా? సూదికి? దెబ్బకి? అది ఊరికే వచ్చిన ధైర్యం కాదు. నొప్పిని మోసుకెళ్ళే ఒక్క జన్యువుని ఆపేశాను. బాధ లేని మనుషుల తరం ఇది. మనిషి పుట్టిన దగ్గర్నుంచీ కోరుకున్నదే ఇచ్చాను."

"ఎవర్ని అడిగి ఇచ్చారు?" అంది ఇన్‌స్పెక్టర్.

"అడిగితే భయపడతారు. ఒప్పుకోరు."

"ఒప్పుకోరని తెలిసే అడగలేదు. ఆ ముక్క చాలు మాకు."

"జబ్బు తీసేయమన్నాను," అన్నాడు కోటు సారు. "అది చేశారు, మీ కాళ్ళు మొక్కినా తప్పులేదు. కానీ నా బిడ్డని మార్చమని నేను చెప్పలేదు."

ఇన్‌స్పెక్టర్‌కు హఠాత్తుగా పొద్దుటి ఫోటో గుర్తొచ్చింది. పొడుగు చేతుల స్వెట్టరు, ఒళ్ళో కదలకుండా ఉన్న కుడిచెయ్యి, కొత్త విద్య. ఆమె కోటు సారు వైపు తిరిగింది.

"ఇంటికి ఫోన్ చెయ్యి. ఇప్పుడే. పాపని కుడిచెయ్యి ఎత్తమను."

అధికారి అన్న సంగతి మరిచి నువ్వు అనేసింది. అతనూ పట్టించుకోలేదు. ఫోన్ స్పీకరులో పెట్టాడు. బడి నుంచి ఇప్పుడే తెచ్చానని భార్య అంది. ఈ ఆటలేంటని విసుక్కుంటూ పాపను పిలిచింది.

"సిపాయీ, కుడిచెయ్యి పైకెత్తమ్మా."

"అది నిద్రపోతోంది నాన్నా," అంది పాప నవ్వుతూ. "నిన్నట్నుంచీ నిద్రే. లేపినా లేవట్లేదు."

బట్టల గరగర. తర్వాత తల్లి కేక. "ఏవండీ, స్వెట్టరు తీస్తే మోచెయ్యి నల్లగా కమిలి బుస్సున పొంగిపోయింది. రాత్రి కూడా విప్పనని మారాం చేసి అలాగే పడుకుంది. వంకర తిరిగిపోయిందండీ. ఇదేమో నవ్వుతోంది."

"కదల్చకు. సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్ళు, నేను అక్కడికే వస్తున్నా."

ఫోన్ పెట్టేసిన కోటు సారు డాక్టరు వైపు అడుగేశాడు. ఇన్‌స్పెక్టర్ అడ్డం నిలబడింది. అతను ఆగాడు. జేబులోంచి సంకెళ్ళు తీసి, డాక్టరు చేతులకు పద్ధతి ప్రకారం వేశాడు.

"నన్ను పట్టుకుంటే సరా?" అన్నాడు డాక్టరు. ఇప్పుడా నవ్వులో తియ్యదనం లేదు. "మీ పాప ఒక్కతే కాదు. ఇంకా ఎందరో పుట్టారు, ఇళ్ళల్లో ఆడుకుంటున్నారు. రికార్డులన్నీ నిన్ననే తుడిచేశాను. వాళ్ళెవరో, ఎక్కడున్నారో ఎలా కనుక్కుంటారు?"

ఎముక విరిగినా తెలియని పిల్లలు, కడుపులో పేగు కుళ్ళినా చెప్పలేని పిల్లలు ఊరంతా ఉన్నారు. వాళ్ళ అమ్మలు మా వాడు ఎంత గట్టివాడో అని మురిసిపోతున్నారు.

"నాకు తెలుసు," అంది ల్యాబ్ అమ్మాయి.

అందరూ అటు తిరిగారు. రెండు రోజుల్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఇదే మొదలు.

"ఈ ఆసుపత్రి తెరిచిన నాటి నుంచి ఉన్నాను. ప్రతి పిండాన్నీ పేర్లు పైకి చదివి అందించింది నేనే. ఒక్కొక్కళ్ళ పేరూ ఎన్నోసార్లు నా నోటితో పలికాను. కంప్యూటర్ తుడిస్తే నా నోరు తుడిచినట్టు కాదు సార్."

పెద్ద డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు. ఆ దృశ్యం చూడటానికి ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆగింది. ఆగాలనిపించింది, ఆగింది. తర్వాత ఆయన్ని కానిస్టేబుళ్ళకు అప్పగించి జీపు తాళాలు తీసుకుంది.

ఆమె బండి నడుపుతోంది. పక్క సీట్లో కోటు సారు, కోటు ఎక్కడో పడేసి, వైర్‌లెస్ చేతిలో పట్టుకుని ఉన్నాడు. వెనక సీట్లో, సంకెళ్ళు లేని చేతులు ఒళ్ళో పెట్టుకుని అమ్మాయి కళ్ళు మూసుకుంది.

"మొదటి పేరు మీకు తెలిసిందే సార్. రెండోది చెప్తాను. తప్పు పోకుండా మీరు తిరిగి చెప్పాలి. అది మా పద్ధతి."

ఆమె తల్లి పేరు, తండ్రి పేరు, వీధి చెప్పింది. అతను అక్షరం పొల్లుపోకుండా వైర్‌లెస్‌లో తిరిగి చెప్పాడు. మూడో పేరు. నాలుగో పేరు. ఒక గొంతు వెనక ఇంకో గొంతు. స్టేషన్లన్నీ మేలుకున్నాయి. ప్రతి వీధిలోనూ ఒక కానిస్టేబుల్ ఎవరి తలుపో తడుతున్నాడు.

అయిదో పేరు చెబుతుండగా మొదటి జవాబొచ్చింది. "సార్, పాప ఇంట్లోనే ఉంది, బాగానే ఉంది. అమ్మకి చెప్పాం, సర్కారు ఆసుపత్రికి బయల్దేరారు." వెంటనే ఇంకోటి. "బాబు దొరికాడు సార్. దొడ్లో బంతాట ఆడుతున్నాడు. అరికాల్లోకి మేకు దిగి ఉంది. వాడికి తెలీనే లేదు. ఎత్తుకొస్తున్నాం."

ల్యాబ్ అమ్మాయి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, పేర్లు మాత్రం ఆగలేదు. సర్కారు ఆసుపత్రి గేటు దూరంగా కనిపించింది. మెట్ల మీద ఒక తల్లి నిలబడి ఉంది. ఆమె భుజం మీదున్న పాప, జీపును చూసి ఎడమచెయ్యి ఊపుతోంది.

కోటు సారు వైర్‌లెస్ బటన్ వదల్లేదు. ఆరో పేరు పూర్తిగా తిరిగి చెప్పాకే పక్కకు తిరిగాడు.

"ఇంకొంచెం తొందరగా పోనీ అక్కా," అన్నాడు.